పేలిక ఆగిన చోటు

ప్రతి సోమవారం పొద్దున్నే, మొదటి బోగీ కదలకముందు
ఉక్కుతాడును పేలికతో తుడుస్తాను.
నూనె కోసం కాదు.
నూట పద్నాలుగు తీగలు పేనిన తాడులో
ఒక్కటి తెగితే కంటికి కనబడదు,
పేలికకు తెలుస్తుంది.
జారుతూ జారుతూ వెళ్లి
కంపకు గొర్రె ఉన్ని పట్టుకున్నట్టు
ఒకచోట టక్కున ఆగుతుంది.

ఇరవై ఆరేళ్లుగా వాల్పరైసో కొండ మీదకి
జనాన్ని ఎత్తుతున్నాను.
చేపల బుట్టలు, నిండు చూలాళ్లు, తాగిన నావికులు,
ఒకసారి ఒక పియానో.
అందరి బరువూ నా చేతికి తెలుసు.
నా ఛాతీ మీద ఎక్కి కూర్చున్నదాని బరువే
ఎవరికీ చెప్పలేదు.

ఆయాసం వస్తే సముద్రపు తేమ అన్నాను.
ఎడమచెయ్యి తిమ్మిరెక్కితే బ్రేకు మీట బిగుసుకుందన్నాను.
రాత్రి చెమటలు పడితే ఎండల్ని తిట్టాను,
జూలైలో!
మాకు జూలై అంటే ఎముకలు కొరికే చలి.

ఆసుపత్రి కాగితం పైన ఇంజన్ గదిలో,
సొరుగులో, పాత టికెట్ల కట్ట కింద.
కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లిలా
ఆ సొరుగు తెరవకుండా ఏడాది గడిపాను.

అందులోనే తమ్ముడు లిసాండ్రో చేతిగడియారం.
వాడూ ఇదే మీట పట్టాడు,
"ఏం లేదులే" అన్న ఇదే మాటతో.
ఏడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం
బోగీ సగం దారిలో ఆగిపోయింది.
లోపలి నలుగురూ గంట కొట్టారు, కొట్టారు.
నేను కిందనుంచి మెట్ల మీద పరుగెత్తాను.
ఆ తర్వాత మళ్లీ ఆ మెట్లు ఎక్కలేదు.
వాణ్ణి మట్టిలో పెట్టే రోజు కూడా
చక్రాలకు గ్రీజు పూయాలని ఉండిపోయాను.

పోయిన సోమవారం పేలిక ఆగింది.
మూడో కప్పీకి జానెడు దూరంలో. ఒక్క తీగ.
బోగీ ఆపేసి, తాళం వేయమన్నాను.
టికెట్ల మిరేయా కిటికీలోంచి తల బయటపెట్టి
"ఒక్కటేగా అన్సెల్మో, ఇంకా నూట పదమూడున్నాయిగా" అంది.
నాకు ఒళ్లు మండింది.
"తెగిన తీగ ఊరుకోదు, పక్కదాన్ని కోస్తుంది!"
అని అరిచాను, వీధి కుక్కలు లేచి చూసేంతగా.

ఆమె కళ్లద్దాల మీదుగా చూసింది,
నన్ను కాదు,
నా ఛాతీ మీదకి దానంతటదే వెళ్లిన నా చేతిని.
కమలాపండు ఒలిచి సగం ఇచ్చింది.
మడత స్టూలు చంకలో పెట్టుకుని
"పద, సొరుగు తీద్దాం" అంది.

నూట అరవై రెండు మెట్లు.
ఇరవైకోసారి స్టూలు వేసి కూర్చోబెట్టింది.
రేవులో నీటిసింహాలు మొరుగుతున్నాయి.
రంగు వెలిసిన రేకు గోడలు,
ఎవరిదో ఆరేసిన ఎర్ర స్వెట్టరు.
ఎనభై ఎనిమిదో మెట్టు దగ్గర నా కాళ్లు కదల్లేదు.

"మిరేయా, ఆరోజు నేనిక్కడ ఆగాను.
ఊపిరందక.
వాడు పైన ఉన్నాడని తెలిసీ ఆగాను.
ఎంతసేపని అడక్కు."

"తెలుసు," అంది.
"కిందనుంచి కనబడింది."

ఏడేళ్లు! రోజూ నాకు చిల్లర లెక్కపెట్టి ఇస్తూ
ఆమెకు తెలుసు.
ఒడిలో నిప్పు దాచుకున్నాననుకున్నాను,
పొగ ఊరందరికీ కనబడుతూనే ఉంది.
అక్కడే కూర్చుని ఏడ్చాను,
ముక్కు కారుతూ, కమలాతొక్క పిడికిట్లో నలుగుతూ.
ఆమె ఊరుకోమనలేదు.
ఒక ముసలాయన రొట్టెల సంచితో
"కాస్త దారివ్వండి" అని దాటుకుని వెళ్లాడు.

డాక్టరు చిన్నపిల్ల, మెడలో మఫ్లరు.
"నొప్పి ఎక్కడండీ?"
నోటికి అలవాటైన మాట పెదవుల దాకా వచ్చింది.
మింగేశాను.
చొక్కా విప్పి, అరచేతిని మెడ ఎముక మీంచి
మెల్లగా కిందికి జార్చాను,
తొందర లేకుండా, సోమవారంలాగా.
ఒకచోట ఆగింది.

"ఇక్కడ."

ఆమె రాసుకుంది.
కొత్త తాడు గురువారం వస్తుందట.
నా సంగతి ఇంకా చెప్పలేదు.
లిసాండ్రో గడియారానికి కీ ఇచ్చాను,
పది నిమిషాలు వెనక నడుస్తోంది.